నడుమ మిగిలిన గడ్డి

మా మేనత్త పోయిందన్న కబురు నాకు పాలిష్ యంత్రాల రొదలో చేరింది. వికారాబాద్‌లో ఆమె పక్కింటావిడ ఫోన్ చేసింది. తాండూరులోని మా నాపరాతి బండల యూనిట్‌లో ఒక్క యంత్రం తిరుగుతున్నా పక్కవాడి మాట వినపడదు, అప్పుడు అన్నీ తిరుగుతున్నాయి. ఫోన్ చెవికి అదుముకొని నేను రోడ్డు మీదికి వచ్చేసరికి ఆవిడ చెప్పాల్సింది చెప్పేసి ఏడుస్తోంది. మళ్లీ చెప్పమని అడగాల్సి వచ్చింది. పొద్దున పాలు తీసుకోలేదట, తలుపు తెరిపించి చూశారట, నిద్రలోనే పోయిందట. అంటే నేను ఆ పొద్దున లేచి, వంట చేసుకొని, బండల లోడు పంపించి, లారీ డ్రైవరుతో గొడవపడుతున్నంతసేపూ మా అత్తమ్మ ఈ లోకంలో లేదు. నాకు తెలియదు, అంతే.

“మనకు కనపడేది అయిపోయిందే బిడ్డా, అయితున్నది కాదు” అని ఆమె తన పని గురించి అనేది. ఆమె పని ఆకాశం నుంచి నేలను చూడటం.

హైదరాబాద్‌లో ఒక కార్యాలయంలో ఉపగ్రహ చిత్రాలు చదివే ఉద్యోగం చేసి రిటైరైంది. చదవడం అన్న మాట ఆమెదే. ఎండాకాలం వస్తే అడవుల్లో మంటలు కనిపెట్టడం ఆమె వంతు. ఉపగ్రహం పైనుంచి పోతూ, కింద ఎక్కడైనా ఉండాల్సినదానికంటే ఎక్కువ వేడి తగిలితే అక్కడ ఒక ఎర్ర చుక్క పెడుతుంది. ఆ చుక్క తెర మీదికి వచ్చి, అటవీ సిబ్బంది ఫోన్లకు చేరేసరికి కొంత పొద్దు గడిచిపోతుంది. మంట అప్పటికి ఇంకా ఉండవచ్చు, ఆరిపోయీ ఉండవచ్చు. తర్వాత తీసిన చిత్రంలో కాలిన మేర అంతా నల్లగా తేలుతుంది. ఉద్యోగం అయిపోయినా ఆమె ఈ పని మానలేదు. ఎవరైనా చూసుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెట్టే చిత్రాలుంటాయి. అనంతగిరి పోయే దారిలోని తన ఇంట్లో కూర్చొని వాటిని రోజూ చూసేది. మామ ముందే పోయాడు, పిల్లలు లేరు. తనవాళ్లని చెప్పుకోవడానికి ఉన్నది తమ్ముడి కూతురినైన నేనొక్కదాన్నే.

ఆ రోజు నేను రైలెక్కి వికారాబాద్ చేరేసరికి ఆమెను ముందు గదిలో పడుకోబెట్టారు. కొత్త చీర తీయడానికి లోపలి గదిలోకి వెళ్లాను. బీరువా తాళం వెతుకుతూ బల్ల మీద చెయ్యి ఆనిస్తే కంప్యూటర్ తెర వెలిగింది. ఆపకుండానే పడుకున్నట్టుంది. తెర నిండా తెలుపు. శ్రావణ మాసం కదా, అన్నీ మబ్బులే. ఏ ఊరో ఏ అడవో పోల్చుకునే వీలు లేదు. కానీ ఆ చిత్రానికి ఆమె పెట్టుకున్న పేరు కింద కనిపించింది: ‘నాయిన గుట్ట’. ఏమీ కనపడని చిత్రాన్ని ఆమె అంతసేపు ఎందుకు చూస్తూ కూర్చుందో నాకు తెలుసు.

నా పెళ్లయిన కొత్తలో ఆమె నాకు మొదటిసారి తాండూరును పైనుంచి చూపించింది. చేలు, చెట్లు అన్నీ ఎర్రగా, ముదురెరుపుగా ఉన్నాయి. అదేంటత్తమ్మా, నేలంతా నెత్తురు పోసినట్టుంది అంటే నవ్వింది. “ఈ బొమ్మల్ల బతికున్నదే ఎర్రగ కనపడ్తది బిడ్డా. నల్లగున్నది కాలింది. తెల్లగున్నది మీ బండల పొడి” అంది. నిజమే, కంది చేల ఎరుపు మధ్య మా యూనిట్లున్న వైపు పిండిగిర్ని నేలలా తెల్లగా ఉంది. ఆ పొడి వాగు దాకా పాకిందని చూపించి, మా పొడి కుప్పను అక్కడి నుంచి తీయించేదాకా నన్ను వదల్లేదు. ఎన్ని తిట్లు తిట్టుకున్నానో అప్పుడు. ఇప్పుడు ఆ వాగు నీళ్లు చూసినప్పుడల్లా మనసులోనే దండం పెట్టుకుంటాను.

ఆ చిత్రాలు చూస్తుంటే నాకు ఒకలాంటి భయం వేసేది. వదిలేసిన రాతి గనుల గుంటల్లో నీళ్లు నల్లగా నిలిచి ఉంటాయి. రోడ్లుంటాయి, కప్పులుంటాయి, దున్నిన సాళ్లుంటాయి. ఎంత వెతికినా మనిషి మాత్రం ఒక్కడూ ఉండడు. అందరూ ఒక్కసారే లేచి ఎటో వెళ్లిపోయిన ఊళ్లలా ఉంటాయవి. ఆ మాటే ఆమెతో అన్నాను. “మనుషులు గింతంత ఉంటరు, కనపడరు. వాళ్లు చేసినయే కనపడ్తయి” అంది.

అయినా మబ్బులేని రోజున మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తూ, పొద్దు కాస్త ఎక్కాక తల ఎత్తి చూసి కొంగు సవరించుకునేది. ఏంటత్తమ్మా అంటే, పైనుంచి ఉపగ్రహం పోయే వేళట. మనుషులు కనపడరని నువ్వే అన్నావు కదా అని ఆటపట్టిస్తే, కనపడకపోతే మాత్రం మర్యాద మర్యాదే అనేది.

ఇక ఆ గుట్ట సంగతి. మాది గొర్ల కాపరుల ఇల్లు. పెద్దేముల్ అవతల, అడవి అంచున మా ఊరు. మా తాత, అంటే అత్తమ్మకు తండ్రి, ఏటా మోదుగు పూలు రాలిపోయాక ఊరి వెనక గుట్ట మీద ఎండుగడ్డికి నిప్పు పెట్టేవాడు. పాత గడ్డి కాలితే తొలి వానకు లేతది మొలుస్తుంది, గొర్లకు మేత. కాపరులందరికీ ఉన్న అలవాటే, చట్టం ఒప్పుకోని అలవాటు. తాత పద్ధతి మాత్రం తాతదే. పై నుంచి, గాలికి ఎదురుగా అంటించేవాడు. మంట గాలితో పరుగెత్తకుండా మెల్లగా దిగి గుట్ట కింది వాగు దగ్గర ఆరిపోయేది. ఒక పక్క అంచు కొడవలిలా వంగేది. అన్నిటికంటే వింత ఏమిటంటే, నడిమధ్యలో ఒక గుండ్రటి జాగాను కాలనిచ్చేవాడు కాదు. దాని చుట్టూ పచ్చి మోదుగు కొమ్మలతో కొట్టి మంటను ఆర్పేవాడు. ఎందుకని అడిగితే, “ఉరకలేనియి ఏడికి పోవాలె?” అనేవాడట. కౌజుపిట్ట గుడ్లు, తాబేళ్లు, చెవులపిల్లి కూనలు ఆయన లెక్కలో ఉండేవి.

అత్తమ్మ మంటలు చూసే పనిలోకి మారిన మొదటి ఎండాకాలమే ఆ గుట్ట మీద ఎర్ర చుక్క వచ్చింది. తండ్రి పెట్టిన చుక్క కూతురి తెర మీద. ఆమె సెలవు పెట్టి ఊరికి వచ్చి, తండ్రి పక్కన కూర్చొని, ఇక వద్దు నాయినా అని చెప్పింది. ఆయన ఎదురు చెప్పలేదు. “నీ నౌకరికి మాట రావద్దు బిడ్డా” అని అంతటితో ఆపేశాడు. తర్వాత ఎన్నడూ అగ్గిపుల్ల గీయలేదు. గుట్ట మీద పాత గడ్డి మీద గడ్డి పడి కుళ్లింది, ముళ్లపొదలు లేచాయి. గొర్లను కొద్దికొద్దిగా అమ్మేశారు. మా నాన్న తాండూరుకు బండల పనికి వచ్చేశాడు. తాత అరుగు మీద కూర్చొని గుట్ట వైపు చూస్తూ ఉండేవాడు. ఒక చలికాలం పోయాడు.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో అత్తమ్మ నన్ను హైదరాబాద్ రమ్మంది. ఫోన్‌లో ఏమీ చెప్పలేదు. వెళితే తెర మీద ఒక నల్లమచ్చ చూపించింది. పై నుంచి దిగి వాగు దగ్గర ఆగింది. ఒక పక్క కొడవలి వంపు. నడుమ గుండ్రంగా మిగిలిన గడ్డి.

“గిది మా నాయిన చెయ్యి” అంది.

గడ్డికి నిప్పంటుకుంటే ఏ ఆకారమైనా వస్తుందని నేను కొట్టిపారేశాను. ఆమె వాదించకుండా తాత చివరిసారి అంటించిన ఏటి చిత్రాన్ని పక్కన పెట్టింది. అదే వంపు, అదే గుండ్రం, అదే చోట. అటవీ సిబ్బంది, మా ఊరివాళ్ల మాటలో జంగ్లాతోళ్లు, వెళ్లి చూశారట, బూడిద తప్ప ఎవరూ దొరకలేదట. మంట వాగు దాటలేదు కాబట్టి అంతటితో పోయింది. మరుసటి ఎండాకాలం మళ్లీ వచ్చింది. ఆ తర్వాత ప్రతి ఏడూ వచ్చింది. ఒక ఏడు చుక్క పడిన రోజున నేను వికారాబాద్‌లో ఆమె దగ్గరే ఉన్నాను. పొద్దున్నుంచీ ఇద్దరం మామిడికాయ పచ్చడి కలుపుతున్నాం. చేతుల కారం కడుక్కొని ఆమె తెర ముందుకు వెళ్లి, “వచ్చింది” అంది.

ఎవరు చేస్తున్నారో ఆమె తేల్చేసుకుంది. మా పాలివాడు, అంటే దాయాది, ఒకాయన, వరసకు నాకు చిన్నాయిన, ఆమెకు తమ్ముడు. ఆ ఊళ్లో ఇంకా మంద ఉన్నది ఆయనకే. చిన్నప్పుడు తాత వెంట తిరిగినవాడు. గుట్ట మీద లేత గడ్డి మొలిస్తే లాభపడేదీ ఆయన గొర్లే. మరి అడిగెయ్యరాదా అని నేను పోరేదాన్ని. నేనైతే ఫోన్ చేసి అడిగేసేదాన్ని. అత్తమ్మ ఒప్పుకోలేదు.

“అడిగితే వాడు చెప్పాలె. చెప్తే నేను ఇన్నదాన్నయిత. ఇన్నంక ఊకుంటే తప్పు, ఊకోకపోతే వాని బతుకాగం” అంది.

మా వైపు ఇది ఉన్నదే. ఒకరి మెడకు చుట్టుకునే మాటను ఎవరూ నేరుగా అడగరు, అడగకుండానే ఎరిగి ఉంటారు. చిన్నాయిన ప్రతి ఏడూ సీతాఫలాలు మూటగట్టుకొని ఆమె ఇంటికి వచ్చేవాడు. గడ్డి ఎట్లా ఉందిరా అని ఆమె అడిగేది. మస్తుగా వచ్చిందక్కా, అంతా నీ పుణ్యమే అనేవాడు. ఇద్దరూ నేల చూపులు చూసుకుంటూ ముసిముసిగా నవ్వుకునేవారు. తాను నోరు మెదపకుండా ఉన్నందుకు మొక్కుతున్నాడని ఆమె అనుకునేది. కానీ ఆయన వెళ్లిపోయాక ఆమె ముఖం వాడిపోయేది. ఒకసారి నాతో చెప్పింది, “నాయినతోటి నేను ఆపిచ్చిన పని వాడు నిలవెట్టిండు. ఒక్కపారి ‘నేనే అక్కా’ అంటే సాలు, నాకు నిమ్మళమైతది.” ఆమె కోరిక అదొక్కటే. ఎవరినీ పట్టించడానికి కాదు. తండ్రి చెయ్యి ఎవరి చేతిలో మిగిలిందో చూసుకోవాలని.

ఈ ఎండాకాలం ఆమెకు ఆయాసం ఎక్కువైంది. ఇక ఆగలేననుకుందేమో, మోదుగు పూలు రాలిపోతున్నాయి, రావే కోడలా, పోయి కూర్చుందాం అంది. మంట అయిపోయాక చూడటం చాలదట, అవుతుండగా చూడాలట. తాండూరు నుంచి షేరాటోలో పెద్దేముల్, అక్కడి నుంచి ఊరు. మొదటి రోజు ఏమీ జరగలేదు. మర్నాడు మళ్లీ వెళ్లి వాగు గట్టున తునికి చెట్టు కింద కూర్చున్నాం.

మిట్టమధ్యాహ్నం అంత భయపెడుతుందని నాకు తెలియదు. ఒక్క పిట్ట అరవలేదు. మా నీడలు మా కాళ్ల కిందికి దూరాయి. గాలి మా వీపు మీదుగా గుట్ట పైకి పోతోంది, కాబట్టి పొగ వాసన రాలేదు. ముందు చిటపటలు వినిపించాయి. పైన ఎవరూ లేరు. ఆ ఎండలో గడ్డి మంట కంటికి ఆనదు. నలుపు ఒక్కటే కనిపించింది, కొండ మీది నుంచి మెల్లగా, తెలిసిన దారిలో నడిచినట్టు దిగి వస్తోంది. ఒక పక్క వంగుతోంది.

నేను ఇంకా కళ్లు నులుముకుంటుంటే అత్తమ్మ లేచి మోదుగు కొమ్మలు విరిచి ఎక్కడం మొదలుపెట్టింది. చెయ్యి పట్టి ఆపబోయాను, ఆగలేదు. ఏ గుర్తూ లేని గడ్డిలో ఒకచోట నిలబడి, ఇక్కడే అంది. ఆ చిత్రాలు చూసీ చూసీ ఆమెకు ఆ జాగా కంఠతా వచ్చింది. మోకాలెత్తు కూడా లేని మంట. నేనూ ఒక కొమ్మ అందుకున్నాను. గుండ్రంగా తిరుగుతూ కొట్టాం. ఆడపిల్ల అని ఆమెకు ఈ పని ఎవరూ నేర్పలేదు, అయినా కొమ్మ ఎత్తిన తీరు, కొట్టి ఒక క్షణం అదిమి పట్టిన తీరు చూసి నాకు తాతే గుర్తొచ్చాడు. నలుపు మమ్మల్ని చుట్టి దాటిపోయి, వాగు దగ్గర ఆరిపోయింది. పచ్చగా కాకపోయినా బతికున్న ఆ గడ్డి మధ్య ఇద్దరం మసి ముఖాలతో నిలబడ్డాం.

ఆమె కొండ పైకి చూసి, గట్టిగా కాకుండా, పక్కనున్న వాడిని పిలిచినట్టు, “ఇగ రారా బయటికి” అంది.

పైన ఒక రాయి దొర్లింది. అది ఆగిన తర్వాత కూడా ఎవరూ రాలేదు. సిగ్గుపడుతున్నాడు వెధవ అని ఆమె నవ్వింది. నేను నవ్వలేదు, ఆమె రెక్క పట్టి కిందికి నడిపించాను. దిగి వస్తుంటే వాగులో బట్టలు పిండుతున్న ఒకావిడ మా ముఖాలను, చేతుల్లోని కొమ్మలను చూసి, ఏమీ అడగకుండా దండం పెట్టి తల దించుకుంది.

ఆ తర్వాత అత్తమ్మ తేలికపడింది. చిన్నాయిన నోటితో చెప్పకపోయినా, తాను పిలిస్తే రాయి దొర్లించి పలికాడని ఆమె నమ్మకం. ఆ మచ్చ చిత్రం వచ్చినప్పుడు నాకు ఫోన్ చేసి, నడుమ జాగా ఇద్దరం బాగా ఉంచామని మురిసిపోయింది. వానలు మొదలయ్యాక మబ్బు తొలగితే లేత గడ్డి ఎర్రగా ఎట్లా తేలుతుందో చూడాలని రోజూ తెర ముందు కూర్చుంది. మబ్బు తొలగకముందే ఆమె పోయింది.

దినాల నాడు భోజనాలు అయ్యాక, చిన్నాయిన వచ్చి వరండాలో నా పక్కన కూర్చున్నాడు. కొంచెంసేపు తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు.

“ఇగ గుట్ట ఎవరు జూస్తరు బిడ్డా? ఏటేట అక్కనే గదా అగ్గి వెట్టేది. ఊరందరికి ఎర్కనే. జంగ్లాతోళ్లు ఎన్నిసార్లు అడిగినా మేం నోరిప్పలే.”

నువ్వు కాదా చిన్నాయినా అని అడిగాను. తనకు అగ్గి పెట్టడం చేతకాదన్నాడు. పెద్దనాయిన, అంటే మా తాత, ఎవరికీ నేర్పకుండానే మానేశాడట. ఈ ఏడు మంట రోజున తాను కొడంగల్ సంతలో గొర్లు అమ్ముతున్నాడట. సాయంత్రం ఇంటికి రాగానే, అక్క కోడలితో కలిసి కొమ్మలు పట్టుకొని దిగుతుంటే కళ్లారా చూశామని వాగు దగ్గరి ఆడవాళ్లు చెప్పారట. ఇన్నేళ్లుగా అనుకుంటున్నది నిజమేనని ఊరంతా ఆ రోజు ఒప్పుకుందట.

నేను ఆ పచ్చడి కలిపిన రోజు సంగతి చెప్పాను. హైదరాబాద్‌లో ఆమె ఆఫీసులో కూర్చొని ఉండగా వచ్చిన చుక్కల గురించి చెప్పాను. ఈ ఏడు మేమిద్దరం వాగు గట్టున కూర్చొని ఉండగా పైన అంటుకున్నదని చెప్పాను. చిన్నాయిన చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

“గట్లయితే...” అని ఆగిపోయాడు.

ఆమె వీళ్లను కాపాడుతున్నాననుకొని మాట్లాడలేదు. వీళ్లు ఆమెను కాపాడుతున్నామనుకొని మాట్లాడలేదు. ఏటా ఎదురెదురుగా కూర్చొని సీతాఫలాలు తిన్నారు, ఒక్కరూ అడగలేదు. అత్తమ్మ తన ప్రశ్నకు జవాబు దొరికిందనుకొని నిమ్మళంగా వెళ్లిపోయింది. అది జవాబు కాదని తెలిసి నేను మిగిలాను. ఏడవాలో, ఆమె అదృష్టానికి సంతోషపడాలో తెలియలేదు. రెండూ చేశాను.

మర్నాడు వాన తెరిపి ఇస్తే చిన్నాయినా నేనూ గుట్టకు వెళ్లాం. ఆయన మందను వాగు దగ్గరే వదిలాడు. కాలిన మేర అంతా లేత పచ్చదనం, తడికి మెరుస్తోంది. నడుమ మాత్రం పాత గడ్డి గోధుమ రంగులో, నడుమెత్తున నిలబడి ఉంది. గొర్లు అందులోకి ఎన్నడూ పోవని ఆయన చెప్పాడు, ఆయనా అంచు దగ్గరే ఆగాడు. నేను గడ్డిని చేతులతో పక్కకు తీసుకుంటూ లోపలికి వెళ్లాను.

మధ్యలో, పక్కపక్కన ఇద్దరు కూర్చున్నంత మేర గడ్డి అణిగి ఉంది. గాలి లేదు. నేను చూస్తుండగానే అణిగిన పోచలు ఒక్కొక్కటే లేచి నిలబడుతున్నాయి.